సముద్రం షిఫ్టు డ్యూటీ చేసే చోటు

ఉదయం పదింటికి నేను వెళ్లేసరికి ఆ పవర్ స్టేషన్ ఖాళీగా కూర్చుని ఉంది.

కుడి పక్క సముద్రం. ఎడమ పక్క నది. మధ్యలో 750 మీటర్ల కట్ట, దాని మీద రోడ్డు, రోడ్డు మీద కార్లు. అంతే. పొగగొట్టాల్లేవు, కూలింగ్ టవర్లు లేవు. నాగార్జునసాగర్ చూసిన కళ్లకి అది అసలు డ్యామ్‌లాగే అనిపించలేదు. మా గోదావరి ఏటిగట్టు మీద మంచి రోడ్డు వేసినట్టుంది. రెండు పక్కలా నీళ్లు ఇంచుమించు ఒకే మట్టంలో, పెద్దగా కదలకుండా ఉన్నాయి. ‘దీనికోసమా ప్యారిస్‌లో వీకెండ్ వదులుకుని వచ్చింది?’ అనుకున్నా.

మధ్యాహ్నానికి అదే చోట సీన్ మొత్తం మారిపోయింది. సముద్రం వైపు నీళ్లు మరిగే ఎసరులా కుతకుతలాడుతున్నాయి. నది వైపు నీళ్లు పైన, సముద్రం ఎక్కడో కింద. మధ్యలో కొన్ని మీటర్ల తేడా కళ్లకి కనపడుతోంది. నా కాళ్ల కింద, ఆ రోడ్డు కిందే, టర్బైన్లు తిరుగుతున్నాయి.

ఎవరూ స్విచ్ వేసినట్టు కనపడలేదు. సముద్రం వెనక్కి తగ్గింది, అంతే.

రెండు మార్కుల ప్రశ్న

ఆ చోటు పేరు లా రాన్స్. ఫ్రాన్స్‌లో బ్రిటనీ ప్రాంతంలో రాన్స్ నది సముద్రంలో కలిసే చోట, సాన్ మాలో, డినార్ అనే రెండు ఊళ్ల మధ్య ఉంది. ఆటుపోట్ల నుంచి పెద్ద ఎత్తున కరెంటు తీసిన మొట్టమొదటి కేంద్రం ఇదే. 1966 నవంబరు 26న అప్పటి అధ్యక్షుడు డిగాల్ ప్రారంభించారు. ఒక్కోటి 10 మెగావాట్ల చొప్పున 24 టర్బైన్లు, మొత్తం 240 మెగావాట్లు. 2011లో దక్షిణ కొరియా ఇంకాస్త పెద్దది కట్టేదాకా, 45 ఏళ్లు ప్రపంచంలో ఇదే నంబర్ వన్.

నేను చదివింది ఎలక్ట్రికల్, చేసేది సాఫ్ట్‌వేర్. మనలో సగం మంది కథే ఇది. బీటెక్‌లో ఈ రాన్స్ గురించి పుస్తకంలో ఒక పేరా ఉండేది. పరీక్షలో వస్తే రెండు మార్కులు, రాకపోతే ఇంకా మంచిది. ఆ పేరాని కళ్లతో చూసే అవకాశం పోయిన సెప్టెంబరులో వచ్చింది. మూడు వారాల క్లయింట్ పని మీద ప్యారిస్ వెళ్లా. టీమ్ అంతా డిస్నీలాండ్ ప్లాన్ చేస్తుంటే నేను శుక్రవారం సెలవు పెట్టి సాన్ మాలో రైలెక్కా.

నిజం చెప్పాలంటే చదువు మీద ప్రేమ ఒక్కటే కారణం కాదు. అమ్మమ్మ వాళ్ల ఊరు కోరంగి వైపు, మడ అడవులకి దగ్గర్లో. చిన్నప్పుడు సెలవుల్లో అక్కడే ఉండేవాణ్ని. ‘పోటు మీదుంది, ఇప్పుడు కాలవలో దిగకు’, ‘పాటు తీసింది, పీతలకెళ్దాం’... ఇవి రోజూ వినే మాటలు. నీళ్లు లోపలికొస్తే పోటు, బయటికి పోతే పాటు. మా మావయ్య పడవ ఎప్పుడు తియ్యాలో గడియారం చూసి కాదు, తిథి చూసి చెప్తాడు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకట్రెండు రోజులకి పోటు గట్టిగా ఉంటుంది. అష్టమి దాటాక నీరసంగా ఉంటుంది. దీనికి కారణం సూర్యచంద్రుల ఆకర్షణ అని నాకు తెలిసింది ఇంటర్ ఫిజిక్స్‌లో. మావయ్యకి ఆ కారణం అవసరం పడలేదు.

నాలుగంతస్తుల సముద్రం

శుక్రవారం మధ్యాహ్నం సాన్ మాలో బీచ్‌కి వెళ్తే సముద్రం లేదు. నిజంగానే. దూరంగా ఒక గీతలా కనపడుతోంది. ఇటువైపంతా తడి ఇసుక, రాళ్లు. ఒడ్డు పొడవునా వరసగా పాతిన లావాటి చెట్ల మొద్దులు. గోడలా అంత ఎత్తున వాటిని ఎందుకు పాతారో అప్పుడు అర్థం కాలేదు. గ్రాండ్ బే అనే చిన్న దీవికి జనం నడుచుకుంటూ వెళ్లిపోతున్నారు, పిల్లల్ని చంకనేసుకుని మరీ.

మర్నాడు ఉదయం ఎనిమిదిన్నరకి అదే చోటికి వెళ్లా. ఇసుక మాయం. దీవికి వెళ్లే దారి మాయం. మొద్దుల్లో చాలా భాగం నీళ్లలో. అలలు కొట్టుకుని గోడ మీదికి తుంపర్లు లేస్తున్నాయి. ఆ మొద్దులు అలల జోరు తగ్గించడానికే.

మన విశాఖ, కాకినాడల్లో పెద్ద పోటుకి కూడా నీటిమట్టం తేడా దాదాపు మీటరున్నర. ఇక్కడ సగటు తేడాయే 8 మీటర్లు. బాగా పెద్ద పోట్లకి 13 మీటర్ల పైన కూడా వెళ్తుంది. అంటే నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ అంత ఎత్తు నీళ్లు రోజుకి రెండుసార్లు వచ్చి, రెండుసార్లు వెళ్లిపోతాయి. హోటల్ గోడ మీద ఆ రోజు పోటు ఎన్ని గంటలకో, ఎంత ఎత్తో, దాని బలం ఎంతో అంటించి ఉంది. బలానికి 20 నుంచి 120 వరకు ఒక అంకె వేస్తారు. ఆ రోజు అంకె వంద దాటింది. అమావాస్య వెళ్లిన విదియ మరి.

తలుపు వేసి ఆగితే చాలు

కట్ట దగ్గర సందర్శకుల కోసం ఒక చిన్న ఎగ్జిబిషన్ ఉంది. నమూనాలు, బొమ్మలు చూస్తే పది నిమిషాల్లో సంగతి అర్థమవుతుంది, ఎందుకంటే ఐడియా చాలా పాతది. కొన్ని వందల ఏళ్ల కిందటే ఈ నది ఒడ్డున ఆటుపోట్లతో తిరిగే పిండి మరలు ఉండేవి. మరవాడు ఏం చేసేవాడంటే, పోటు నీళ్లు చెరువులోకి రానిచ్చి తలుపు మూసేసేవాడు. బయట సముద్రం దిగిపోయాక, లోపలి నీళ్లని చక్రం మీదుగా వదిలేవాడు. పోటు రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యం అవుతుంది కాబట్టి అతని డ్యూటీ టైమింగ్స్ కూడా రోజూ అలాగే జరిగేవి. ఒక వారం పగలు, ఇంకో వారం అర్ధరాత్రి. మన నైట్ షిఫ్టులకి పూర్వీకుడన్నమాట.

రాన్స్ చేసేదీ అదే పని. చెరువు స్థానంలో 22 చదరపు కిలోమీటర్ల నదీముఖం, చక్రం స్థానంలో టర్బైన్. పోటుకి గేట్లు తెరిచి నది వైపు నింపుతారు, మూస్తారు, సముద్రం దిగేదాకా ఆగుతారు. నేను పదింటికి వెళ్లినప్పుడు అది చేస్తున్న పని అదే. ఆగడం.

టర్బైన్లు చూడ్డానికి పెద్ద బల్బుల్లా ఉంటాయి, వాటిని బల్బ్ టర్బైన్లనే అంటారు. నీళ్లు చొరబడని ఉక్కు బల్బులో జనరేటర్, దాని ముందు 5 మీటర్ల పైచిలుకు వ్యాసమున్న నాలుగు రెక్కల చక్రం. ఒక్కో యూనిట్ బరువు 470 టన్నులు. అదంతా ఉప్పునీళ్లలో పడుకుని ఉంటుంది. తుప్పు పట్టకుండా లోహానికి నిరంతరం చిన్న విద్యుత్ ప్రవాహం ఇచ్చే పద్ధతి పెట్టారు. ఇవి రెండు వైపులా తిరిగి కరెంటు తియ్యగలవు, ఎక్కువగా మాత్రం పాటు మీదే పనిచేస్తాయి.

నాకు బాగా నచ్చిన ట్రిక్ ఇంకోటుంది. ఇవే టర్బైన్లు పంపుల్లాగానూ పనిచేస్తాయి. పోటు నిండుగా ఉన్నప్పుడు రెండు వైపులా మట్టం దాదాపు ఒకటే. అప్పుడు కాస్త కరెంటు ఖర్చు పెట్టి సముద్రం నీళ్లని నదిలోకి ఇంకో మీటరు ఎత్తుకి తోడతారు. మూడు, నాలుగు గంటల తర్వాత సముద్రం దిగిపోతే, మీటరు ఎక్కించిన అదే నీళ్లు ఐదారు మీటర్ల నుంచి కిందికి పడతాయి. రూపాయి అప్పు చేసి, మధ్యాహ్నానికల్లా తీర్చేసి, పైన లాభం మిగుల్చుకోవడం. ఈ అప్పుకి హామీ చంద్రుడు.

ఇలా ఏడాదికి దాదాపు 50 కోట్ల యూనిట్లు వస్తాయి. 240 మెగావాట్లు అని పేరే గానీ, రోజంతా తిరగదు కాబట్టి ఏడాది సగటు చూస్తే 57 మెగావాట్లే. అయినా గాలిమరకీ సోలార్‌కీ లేని గుణం దీనికుంది. వచ్చే మంగళవారం మేఘాలుంటాయో లేదో చెప్పలేం. కానీ పదేళ్ల తర్వాత ఫలానా మంగళవారం పోటు ఎన్నింటికో ఇవాళే లెక్క కట్టచ్చు. మా టీమ్‌లో రెండు వారాల స్ప్రింట్ ప్లానే నిలబడదు. అసూయ పుట్టింది.

మావయ్య ఒకే ఒక్క ప్రశ్న

ఆ ఉత్సాహంలో మావయ్యకి వీడియో కాల్ చేశా. అక్కడ ఒంటిగంట, మనకి నాలుగున్నర. ఫోన్ తిప్పి కుతకుతలాడే నీళ్లు చూపించా.

“ఏంటల్లుడూ, ఆనకట్టా?”

“ఆనకట్టే గానీ నదికి కాదు మావయ్యా, సముద్రానికి. పోటు, పాటుతో కరెంటు తీస్తున్నారు. 60 ఏళ్ల నుంచి.”

“ఇవాళ విదియ కదా, గట్టిగానే ఉంటుంది.” కాసేపు చూశాడు. “బాగుందిరా. మరి లోపలికెళ్లే చేపలేమయ్యాయి?”

నా దగ్గర సమాధానం లేదు. రెండు గంటలుగా మెగావాట్లు, మీటర్లు, టన్నులు ఫోన్‌లో నోట్ చేసుకుంటున్నా. ఈ ప్రశ్న నాకు తట్టనే లేదు.

ఆయనకి తట్టడానికి కారణముంది. పులస సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదుతూ వస్తుంది. ధవళేశ్వరం దగ్గర ఆగిపోతుంది. 1852లో అక్కడ ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ అంతే. ఆ ఆనకట్ట లేకపోతే మా జిల్లాల్లో ఇన్ని వరిచేలు లేవు, అది ఎవరూ కాదనరు. కానీ గోడ కడితే ఆగేది నీళ్లొక్కటే కాదని గోదావరి వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

మూడేళ్ల డౌన్‌టైమ్

రాత్రి హోటల్లో కూర్చుని వెతికి చదివా. సమాధానం దొరికింది. అంత హాయిగా లేదు.

ఈ కట్టడాన్ని పొడి నేల మీద కట్టాలని, 1963లో నదీముఖాన్ని అడ్డుకట్టలతో సముద్రం నుంచి పూర్తిగా వేరు చేశారు. 1966 వరకు, దాదాపు మూడేళ్లు, పోటు లేదు, పాటు లేదు. పై నుంచి నది తెచ్చే మంచినీళ్లు లోపలే ఉండిపోయాయి, ఉప్పదనం పడిపోయింది, బురద పేరుకుంది. ఉప్పునీటికి అలవాటుపడిన చేపలు, నత్తలు, పురుగులు, నాచు దాదాపు మొత్తం చచ్చిపోయాయి.

మా భాషలో చెప్పాలంటే, ప్రొడక్షన్ సర్వర్‌ని మూడేళ్లు డౌన్ చేసి పని చేసుకున్నారు. బ్యాకప్ లేదు, రోల్‌బ్యాక్ లేదు.

మళ్లీ తెరిచాక సముద్రంతో పాటు జీవాలూ తిరిగొచ్చాయి. కొత్త సమతూకం కుదరడానికి దాదాపు పదేళ్లు పట్టింది. 1976 నాటికి నదీముఖం మళ్లీ కళకళలాడింది. కానీ అది పాత నది కాదు. సన్నగా ఈల్‌లా ఉండి ఇసుకలో దూరే చేపలు, ప్లెయిస్ అనే బల్లపరుపు చేప దాదాపు కనుమరుగయ్యాయి. మన పండుగప్పకి దూరపు చుట్టంలాంటి సీ బాస్, కటిల్‌ఫిష్ మాత్రం తిరిగి వచ్చాయి. నీటి వేగం, మట్టం సహజంగా కాకుండా యంత్రాన్ని బట్టి మారతాయి కాబట్టి లోపలి మలుపుల్లో ఒండ్రు పేరుకుంటూనే ఉంది. తవ్వి తీయాల్సిన పని ఇప్పటికీ ఉంది.

ఈ లెక్క ఎగ్జిబిషన్‌లో నేను రాసుకున్న అంకెల పక్కన పెట్టి చూశా. పొగ లేదు, ఇంధనం ఖర్చు లేదు, 60 ఏళ్లుగా కరెంటు. ఇది నిజం. ఒక నది తన ప్రాణాల్ని మూడేళ్లు పోగొట్టుకుని, పదేళ్లకి కొత్త ముఖంతో లేచింది. ఇదీ నిజమే. రెండోది మెగావాట్లలో కనపడదు, అంతే.

మూసిన చోట తెరిస్తే

ఇంత మంచి టెక్నాలజీ అయితే ప్రపంచమంతా ఎందుకు లేదు? ఖర్చు ఒక కారణం. ఫ్రాన్సే ఆ తర్వాత అణువిద్యుత్తు వైపు వెళ్లిపోయింది. బ్రిటన్‌లో స్వాన్సీ దగ్గర ఇలాంటి 320 మెగావాట్ల ప్రతిపాదనని 2018లో ప్రభుత్వం ఖర్చు ఎక్కువని పక్కన పెట్టింది. కెనడాలో 1984 నుంచి పనిచేసిన 20 మెగావాట్ల అన్నాపోలిస్ కేంద్రం 2019లో మూతపడింది. అక్కడ యంత్రం పాడవడంతో పాటు, టర్బైన్‌లో పడి చేపలు చనిపోవడం కూడా పెద్ద గొడవే.

కానీ రాన్స్ రికార్డుని దాటిన దక్షిణ కొరియా సిహ్వా కథ వేరు. అక్కడ 1994లోనే సముద్రానికి 12.7 కిలోమీటర్ల గోడ కట్టేశారు. కరెంటు కోసం కాదు, వ్యవసాయానికి మంచినీళ్ల సరస్సు కావాలని. నీళ్లు కదలక, ఫ్యాక్టరీల మురికి చేరి ఆ సరస్సు కంపు కొట్టింది. చివరికి సముద్రాన్ని మళ్లీ లోపలికి రానివ్వక తప్పలేదు. ఎలాగూ రానిస్తున్నాం కదా అని ఆ దారిలో పది టర్బైన్లు పెట్టారు. 2011 నుంచి 254 మెగావాట్లు. నీళ్ల నాణ్యత కూడా మెరుగుపడింది.

యంత్రాలు అటూ ఇటుగా ఒకటే. ఒకచోట తెరిచి ఉన్న నదిని మూశారు, ఇంకోచోట మూసిన నీళ్లని తెరిచారు. ఈ తేడా నాకు మెగావాట్ల కంటే పెద్దదనిపించింది. ఇక గోడే లేకుండా, సముద్రం అడుగున గాలిమరల్లా టర్బైన్లు నిలబెట్టే పద్ధతి మూడోది. స్కాట్లాండ్‌లో మేజెన్ అలాంటిదే. అది 6 మెగావాట్లే, కానీ ఏ నదికీ తలుపు వేయలేదు.

మరి మన దగ్గర?

‘మన గోదావరి దగ్గర ఎందుకు పెట్టరు?’ అని ఫ్రెండ్స్ అడిగారు. లెక్క చూద్దాం. ఒక పోటు నుంచి దొరికే శక్తి నీటిమట్టం తేడాకి వర్గం లెక్కన మారుతుంది. తేడా సగమైతే శక్తి నాలుగో వంతు. రాన్స్‌లో 8 మీటర్ల పోటుకి చెరువులో దాగే శక్తి దాదాపు 20 లక్షల యూనిట్లు. అదే సైజు చెరువు కాకినాడ తీరంలో కట్టి, మీటరున్నర పోటు పడితే 70 వేల యూనిట్లు. అందులోనూ చేతికొచ్చేది ఏ మూడో వంతో. ఆ కాస్త కరెంటుకి కోరంగి మడ అడవికి పోటు నీళ్లు ఆపితే, చెట్టూ పోతుంది, దాని వేళ్ల మధ్య పెరిగే రొయ్యా పోతుంది, మా మావయ్య పడవా ఒడ్డెక్కుతుంది. ఈ లెక్క చెయ్యడానికి ఇంజినీరింగ్ కూడా అక్కర్లేదు.

మన దేశంలో పెద్ద పోట్లు గుజరాత్‌లో ఉన్నాయి. ఖంభాత్, కచ్ సింధుశాఖల్లో ఆటుపోట్ల కరెంటు గురించి దశాబ్దాలుగా అధ్యయనాలు జరుగుతున్నాయి. సుందరబన్స్‌లో 3.75 మెగావాట్ల చిన్న ప్రాజెక్టు అనుకుని, ఖర్చు చూసి వదిలేశారు. ఇప్పటికైతే మన దేశంలో ఇలాంటి వాణిజ్య కేంద్రం ఒక్కటీ లేదు. రేపు కచ్‌లో వస్తుందనుకోండి, సంతోషమే. కానీ ఆ సింధుశాఖలోనే జామ్‌నగర్ తీరాన పగడాలు, మడ చెట్లున్న మెరైన్ నేషనల్ పార్క్ ఉంది. పోటు గట్టిగా ఉన్నచోటే బతుకూ చిక్కగా ఉంటుంది. కాబట్టి ఎన్ని మెగావాట్లు అని అడిగే ముందు, ఏ నీళ్లు ఆపుతున్నారు, ఎన్నాళ్లు ఆపుతున్నారు అని అడగాలి. రాన్స్ వాళ్లు 1963లో ఆ ప్రశ్న సరిగ్గా అడిగి ఉంటే కేంద్రం ఆగేది కాదేమో, కట్టే పద్ధతి మాత్రం మారేది.

వెళ్లాలనుకుంటే

ప్యారిస్ మోంపార్నాస్ స్టేషన్ నుంచి సాన్ మాలోకి హైస్పీడ్ రైలుంది. అక్కడి నుంచి డినార్ వెళ్లే బస్సు కట్ట మీదుగానే పోతుంది. కట్టకి ఒక చివర పడవల కోసం లాక్ ఉంటుంది. పడవ వస్తే రోడ్డు పైకి లేస్తుంది, కార్లు ఆగుతాయి, ఎవరూ హారన్ కొట్టరు.

ముందే పోటు టైమ్ చూసుకోండి. పోటు నిండిన మూడు, నాలుగు గంటలకి వెళ్తే టర్బైన్లు తిరుగుతుంటాయి. అష్టమి నుంచి దశమి మధ్యలో వెళ్లకండి, చప్పగా ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన రెండో రోజు బెస్ట్. ఇది ఏ వెబ్‌సైట్‌లోనూ చూసి చెప్పడం లేదు, మావయ్య చెప్పిందే. ఫ్రాన్స్‌లో కూడా పనిచేసింది.

అందరూ సముద్రం వైపు నిలబడి ఆ నురగ వీడియో తీసుకుంటారు. నేనూ అదే చేశా. తర్వాత రోడ్డు దాటి నది వైపు కూడా కాసేపు నిలబడ్డా. పైకి నీళ్లు నెమ్మదిగా ఉన్నాయి, కింద ఏముందో కనపడలేదు. ఒక నీటికాకి మునిగింది. చాలాసేపటికి, చాలా దూరంలో తేలింది. దాని ముక్కులో ఒక చేప ఉంది.

ఆ ఫొటో మావయ్యకి పంపించా. “ఉన్నాయన్నమాట” అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఒక నిమిషం తర్వాత ఇంకోటి. “మునుపు ఏ చేప ఉండేదో కనుక్కో.”